వరి 11, 12 క్రోమోజోముల జంటకి కేఎస్ 0.1: కొత్త డూప్లికేషనేనా?

స్వాతి (హెబ్బాళ, బెంగళూరు):
జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఎమ్మెస్సీ ప్రాజెక్టు, వరిలో ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (ఇతర జన్యువులను నియంత్రించే ప్రోటీన్) కుటుంబం మీద. ఎంసీస్కాన్‌ఎక్స్‌లో (డూప్లికేట్ జన్యువులను వెతికే సాఫ్ట్‌వేర్) వచ్చిన జంటల్లో ఎక్కువ వాటికి కేఎస్ (ప్రోటీన్‌ని మార్చని డీఎన్‌ఏ తేడాల కొలత, జంట పాతదైతే ఎక్కువ) 0.7 నుంచి 1 దాకా ఉంది. 11, 12 క్రోమోజోముల జంటకి మాత్రం 0.1. ఇది ఈమధ్య పుట్టిన కాపీ అని రాసేయవచ్చా? రెండు కాపీలూ ఒకే పని చేస్తుంటే ఇన్ని కోట్ల ఏళ్ళు రెండూ ఎలా నిలిచాయి?

రాఘవ:
అలా రాయకండి. ముందు ఆ జంట క్రోమోజోమ్‌లో ఎక్కడుందో చూడండి. 11, 12 పొట్టి భుజాల కొసన సుమారు 30 లక్షల బేస్‌ల మేర జీన్ కన్వర్షన్ జరిగింది. ఒక కాపీ క్రమం రెండో దాని మీద అచ్చు పడి, అప్పటిదాకా పోగైన తేడాలను చెరిపేస్తుంది. గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

వయసు లెక్కకి కేఎస్‌ను 2 × 6.5 × 10⁻⁹తో (రెండు కాపీలు × ఒక్కో చోట ఏటా మార్పుల రేటు) భాగిస్తాం. 0.9కి సుమారు 6.9 కోట్ల ఏళ్ళు, అంటే గడ్డిజాతుల ఉమ్మడి జీనోమ్ డూప్లికేషన్ కాలం. 0.1కి 77 లక్షలు వస్తాయి కానీ అది జంట పుట్టిన కాలం కాదు. జొన్నలో వీటికి సరిజోడు 5, 8 క్రోమోజోములు. అక్కడ కూడా అదే వరసలో రెండు కాపీలూ ఉంటే జంట పాతదే.

ఇంకో మాట. బ్లాస్ట్‌పీకి (ప్రోటీన్ల పోలికలు వెతికే ప్రోగ్రాం) ముందు జన్యువుకి ఒక్క పొడవాటి ట్రాన్స్‌క్రిప్టే ఉంచారా? లేకపోతే ఒకే జన్యువు నుంచి వచ్చే స్ప్లైస్ రూపాలు టాండెమ్ (పక్కపక్కనే ఉండే కాపీలు) జంటల్లా లెక్కలో పడతాయి. సీడీఎస్‌లను (ప్రోటీన్‌కి కోడ్ చేసే డీఎన్‌ఏ క్రమాలు) నేరుగా అలైన్ చేయకండి. ప్రోటీన్ అలైన్‌మెంట్ చేసి కోడాన్లలోకి మార్చండి, లేదంటే ఫ్రేమ్ జారి కేఎస్ ఉబ్బిపోతుంది.

భార్గవి:
రెండో ప్రశ్నకి: మామూలుగా ఒకటి పోతుంది. కానీ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఇతర ప్రోటీన్లతో జతకట్టి పనిచేస్తాయి. మొత్తం జీనోమ్ రెట్టింపైతే అన్నిటి మోతాదూ కలిసి పెరుగుతుంది, ఆపైన ఒకటి పోతే నిష్పత్తి చెడుతుంది. టాండెమ్‌లో ఇది తిరగబడుతుంది, ఒక్కదాని మోతాదే పెరుగుతుంది. అందుకే అక్కడ తెగులు నిరోధక జన్యువులు ఎక్కువ, ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు తక్కువ.

"ఒకే పని" అన్నది కూడా పరీక్షించండి. అరబిడాప్సిస్‌లో (ప్రయోగాలకు వాడే చిన్న మొక్క) కాల్ జన్యువు ఒక్కటే పోతే మొక్క మామూలుగా ఉంటుంది. జంటలోని ఏపీ1 కూడా పోతే పూల చోట కాలీఫ్లవర్ గడ్డ కడుతుంది. వేరు, ఆకు, వెన్నుల్లో విడివిడిగా ఎక్స్‌ప్రెషన్ చూస్తే, ప్రమోటర్లలో (జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో తేల్చే భాగాలు) పని పంచుకున్న జంటలు బయటపడతాయి.

కొత్త పని నేర్చిన కాపీకి ఉదాహరణ మన వరిలోనే ఉంది. 9వ క్రోమోజోమ్ మీద సబ్1బీ జన్యువు డూప్లికేట్ అయి సబ్1ఏ వచ్చింది. దాని ముంపు తట్టుకునే రూపాన్ని ఒడిశా వరి రకం ఎఫ్‌ఆర్13ఏ నుంచి మార్టేరు స్వర్ణలోకి తెచ్చాకే స్వర్ణ సబ్1 రెండు వారాల ముంపుకి నిలుస్తోంది.

స్వాతి:
11లో 4 లక్షల బేస్ దగ్గర ఉందండి.

రాఘవ:
కొసలోనే ఉంది. అయితే ఆ జంటని వయసు గ్రాఫ్‌లోంచి తీసేసి, కన్వర్షన్ అని విడిగా చూపించండి.