జడలు విప్పాక వచ్చే అలలు సాయంత్రం దాకా నిలవాలంటే?

ప్రశ్న (తిరుపతి నుంచి)

నా జుట్టు నడుము దాకా, ఒత్తుగా, పూర్తిగా తిన్నగా ఉంటుంది. ఇంతవరకు రంగు వేయించలేదు, రసాయనాలేవీ వాడలేదు, వేడి కడ్డీ పెట్టించడం కూడా నాకిష్టం లేదు. కార్తీకంలో చిత్తూరులో మా అక్క పెళ్లి ఉంది. ముహూర్తం తెల్లవారుజామున, రిసెప్షన్ సాయంత్రం. రిసెప్షన్‌కు అలలు తేలిన జుట్టుతో, విరబోసుకొని వెళ్లాలని ఎంతో కోరికగా ఉంది. అయితే రాత్రి తలస్నానం చేసి, తడి మీదనే ఒకే జడ గట్టిగా అల్లుకొని పడుకుంటే, పొద్దున విప్పేసరికి జడ లోపలి భాగం ఇంకా చెమ్మగానే ఉంటోంది. చివర్లలో మాత్రమే వంపులు వస్తున్నాయి, మధ్యాహ్నానికి అవీ సాగిపోతున్నాయి. మాకు వచ్చేది బోరు నీళ్లు. ఎన్ని జడలు వేసుకోవాలి, ఎంత తడి ఉండగా అల్లాలి, ఏమి రాసుకోవాలి?

మొదటి సమాధానం

మీరు చెప్పిన ఆ చెమ్మలోనే కారణం ఉంది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది, దాని ఆకారాన్ని నిలబెట్టే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు నీరు తగలగానే విడిపోయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్లీ ఏర్పడతాయి. బడికి రెండు జడలు వేసుకొని, మడిచి రిబ్బన్లు కట్టుకునే ఆడపిల్లలు సాయంత్రం వాటిని విప్పినప్పుడు కనిపించే అలలు ఇలా వచ్చినవే. జడ లోపల తడి ఆరకముందే విప్పితే ఆ బంధాలు తిన్నగా వేలాడే జుట్టులో ఏర్పడతాయి కాబట్టి, ఎంత గట్టిగా అల్లినా ప్రయోజనం ఉండదు. సెలూన్లలో రసాయనాలతో మార్చేవి నీటికి విడిపోని డైసల్ఫైడ్ బంధాలు, అందుకే ఆ వంపులు తలస్నానం చేసినా పోవు. మీరు కోరుకునే అల నీటితో పుట్టినది, నీటితోనే పోతుంది. పైగా తడి వెంట్రుక సులభంగా సాగి తెగుతుంది కనుక, నీళ్లోడే తలను బిగించి అల్లడం మానేయండి.

రెండవ సమాధానం (చిత్తూరు, పెళ్లిజడలు అల్లే వృత్తి)

అమ్మా, ఒత్తైన జుట్టుకు ఒక్క జడ చాలదు. ముందురోజు పొద్దునే తలస్నానం చేసి, వేళ్లతోనూ పెద్ద పళ్ల దువ్వెనతోనూ చిక్కు తీసి, ముట్టుకుంటే చల్లగా తగిలే పాటి చెమ్మ మిగిలే వరకు ఆరనివ్వండి. ఆ తరువాత తలను నాలుగు నుంచి ఆరు భాగాలు చేసి అల్లుకోండి. జడలు సన్నబడేకొద్దీ అలలు చిన్నవై దగ్గరగా వస్తాయి, లావైతే వెడల్పుగా, వదులుగా వస్తాయి. మూడు పాయల అల్లికతో వచ్చే వంపు కొంచెం అణిగినట్టు కనిపిస్తుంది. గుండ్రంగా, మెలికగా రావాలంటే రెండు పాయలను పురి పెట్టి చుట్టండి. కుదుళ్ల దగ్గర కూడా అల కావాలంటే నుదుటి పక్క నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పక్క వెంట్రుకలను కలుపుకుంటూ అల్లాలి. చివర్లను మాత్రం అంగుళం మేర అల్లకుండా వదలకండి, మడిచి మెత్తటి గుడ్డతో కట్టండి, లేకపోతే అలల కింద చీపురు పుల్లల్లా తిన్నగా నిలుస్తాయి. బిగువు విషయానికొస్తే, కుదురు లాగినట్టు అనిపిస్తే విప్పి మళ్లీ అల్లండి, ఎందుకంటే రోజూ అలా లాగితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది.

రాయడానికి అవిసె గింజల జిగురు చాలు. పావు కప్పు గింజలను రెండు కప్పుల నీళ్లలో కలుపుతూ మరిగించి, గుడ్డులోని తెల్లసొనలా సాగుతున్నప్పుడు, వేడిగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. అల్లే ముందు ప్రతి పాయకు కొద్దిగా పట్టించండి.

మూడవ సమాధానం (తిరుపతి)

బోరు నీళ్ల గురించి ఒక మాట. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి జిడ్డు పొరగా జుట్టుకు అంటుకొంటాయి, కుంకుడు రసంతో అలాంటి పొర ఏర్పడదు. చివరి చెంబు మాత్రం శుద్ధి చేసిన నీళ్లో వాన నీళ్లో పోసుకోండి. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది కాబట్టి స్నానానికి ముందు రాయడమే మేలు, స్నానం తరువాత రాస్తే జుట్టు బరువెక్కి అల కిందికి జారుతుంది. తల తడిగా ఉండగా రాత్రంతా బిగించి ఉంచవద్దు, చుండ్రు ఉన్నవారికి అది మరీ చెరుపు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముహూర్తానికి ఆరు సన్న జడలతో బంధువుల ముందు నిలబడలేను కదా, అప్పుడేం చేయాలి?

రెండవ సమాధానం ఇచ్చినవారు

విప్పనక్కరలేదమ్మా. ఆరింటినీ మెడ దగ్గర ఒకచోట చేర్చి వదులుగా కట్టి, ఆ ముడి కనబడకుండా పూలదండ చుట్టండి. జడలు అలాగే వీపున వేలాడతాయి, లోపలి చెమ్మకు సాయంత్రం దాకా ఆరే సమయం దొరుకుతుంది. పూలవాళ్లు చామంతి, కనకాంబరం దండలపై నీళ్లు చిలకరించి ఇస్తారు, తలలో పెట్టే ముందు గుడ్డతో అద్ది తడి తీసేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి గాలిలోనూ చెమ్మ ఉంటుంది. రిసెప్షన్‌కు చీర కట్టుకొని, నగలు పెట్టుకొని, అన్నీ అయ్యాక చివరగా జడలు విప్పండి. దువ్వెన తగలనివ్వకుండా, వేళ్లతో కింది నుంచి పైకి విడదీస్తే చాలు.