టాహో మంచు దారిలో ఆల్ వీల్ డ్రైవ్ కారుకు గొలుసులు ముందు చక్రాలకే చాలునా?

జనవరిలో శాన్ హోసే నుంచి ఇంటర్‌స్టేట్ 80 మీదుగా, 7,239 అడుగుల ఎత్తున ఉన్న డోనర్ సమ్మిట్ దాటి లేక్ టాహోకు కుటుంబంతో వెళ్లదలచుకున్నాము. మాది ఆల్ వీల్ డ్రైవ్ కారు, అంటే ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. నాలుగు టైర్ల మీదా ఎం ప్లస్ ఎస్ (బురదకూ మంచుకూ తగినవని తెలిపే) గుర్తు ఉంది. కాలిఫోర్నియాలో మంచు దారుల్లో టైర్లకు గొలుసులు బిగించాలనే నిబంధనల్లో రెండో స్థాయి అయిన ఆర్-2 అమలులో ఉన్నప్పుడు ఇటువంటి వాహనాలకు అవి బిగించకుండా వెళ్లే మినహాయింపు ఉన్నా, వాటిని బండిలో ఉంచుకొని తీరాలి. అన్నిటికన్నా కఠినమైన ఆర్-3 ప్రకటిస్తే (అప్పటికి చాలాసార్లు దారే మూసేస్తారట) ఆ మినహాయింపూ ఉండదు.

నాలుగు చక్రాలూ లాగడం ఎత్తు ఎక్కడానికి ఉపకరిస్తుందే గాని బ్రేకు వేసినప్పుడు పట్టును పెంచదు కనుక, నా దిగులంతా దిగుడు గురించే. కారుతో వచ్చిన పుస్తకం గొలుసులను ముందు చక్రాలకే వేయమంటున్నది. అలా ముందు మాత్రమే పట్టు పెరిగితే, వాలు మలుపులో వేగం తగ్గించినప్పుడు వెనుక భాగం పక్కకు జారిపోదా? పుస్తకానికి విరుద్ధంగా వెనుకకూ వేస్తే, చక్రానికీ సస్పెన్షన్‌కూ మధ్య ఉన్న ఇరుకు సందులో గొలుసు రాసుకుంటుందా? గొలుసుకు బదులు సన్నని ఉక్కు తీగలతో చేసే కేబుల్ రకం ఈ ఇబ్బందిని తప్పిస్తుందా? ఆ దారిలో ఇటువంటి కారు నడిపినవారు దయచేసి తెలుపగలరు.