అప్‌డేట్: తమ్ముడు ఆ చర్చికి వెళ్లడం మానేశాడు

రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఇంగ్లండులో మేము వెళ్లే కరిస్మాటిక్ (పరిశుద్ధాత్మ వరాలకు ప్రాధాన్యమిచ్చే) చర్చిలో పదిహేడేళ్ల మా తమ్ముడిని పాస్టరు ఒంటరిగా కూర్చోబెట్టి గంటల తరబడి పాపాలు ఒప్పిస్తున్నారని, ఎదురు చెబితే వారాల పాటు పలకరించరని, ఇది వేధింపేనా అని.

మీలో ఒకరు చెప్పిన ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్ సోల్ సర్వైవర్ చర్చి ఉదంతం చదివాక నాకు సందేహం పోయింది. దాని స్థాపకుడు మైక్ పిలావాచీ ఆధ్యాత్మిక అధికారంతో మనుషులను అదుపు చేశారని, యువకులతో కుస్తీ పట్టారని, శిక్షణకు వచ్చిన కుర్రాళ్లకు మర్దన చేశారని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ విచారణ 2023 సెప్టెంబరులో తేల్చింది. ఫిర్యాదులను అక్కడి పెద్దలు సరిగా పట్టించుకోలేదని 2024లో న్యాయవాది ఫియోనా స్కోల్డింగ్ చేసిన సమీక్ష చెప్పింది. నన్ను ఎక్కువ కలచివేసింది ఈ రెండోదే.

ఎందుకంటే మా చర్చిలో పిల్లల రక్షణ బాధ్యురాలు పాస్టరు గారి భార్యే! ఆమెకు చెబితే, ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న బైబిలు కీర్తనల వచనం వినిపించారు. ఆ మాట దేవుడు రాజుల దౌర్జన్యం నుంచి నిస్సహాయులైన పరదేశులను కాపాడినప్పటిది. దాన్ని ఒక పిల్లవాడి నోరు నొక్కడానికి వాడతారా?

మీ సలహా ప్రకారం స్థానిక కౌన్సిల్ పిల్లల సంరక్షణ విభాగానికి తేదీలతో సహా రాసిచ్చాను. వాళ్లు తమ్ముడితో విడిగా మాట్లాడారు. విచారణ నడుస్తోంది. అమ్మ ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. తమ్ముడు మాత్రం నిన్న రాత్రి చాలా రోజుల తర్వాత గిటారు తీశాడు.