ఇంగ్లండ్ పాత భవంతులు: డబ్బు కట్టి చూడాలా? చూస్తే, ఆ సంపద ఎక్కడిదో గోడ మీద రాసి ఉండాలా?

రెడింగ్ రాజమండ్రి

వేసవికి అమ్మా నాన్నా వస్తున్నారు. లండన్ చూపించడం రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తరువాత వాళ్ళకు నచ్చేది ఇక్కడి పల్లెసీమే అని నా నమ్మకం. పెద్ద చెట్ల కింద నడక, ఒక పాత భవంతి, చివర టీ, స్కోను అనే చిన్న రొట్టె. అందుకని నేషనల్ ట్రస్టు కుటుంబ సభ్యత్వం తీసుకోబోతుంటే మా బావమరిది అడ్డం పడ్డాడు. "మన సొమ్ముతో కట్టుకున్న ఇళ్ళు చూడటానికి మళ్ళీ మనమే డబ్బు కట్టాలా బావా?" అన్నాడు. భోజనాల దగ్గర మొదలైన వాదన చేతులు ఎండిపోయేదాకా సాగింది.

సంగతి తెలియనివారి కోసం: ట్రస్టు పాత భవంతులనూ తోటలనూ కాపాడే ధర్మసంస్థ, 1895లో పుట్టింది, ప్రభుత్వ శాఖ కాదు. యాభై లక్షలకు పైగా సభ్యులున్నారు. 2020 సెప్టెంబరులో తన ఆధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో, బానిసత్వంతోనో సంబంధం ఉందని ఒక నివేదిక వేసింది. సభ్యుల్లో ఒక వర్గం భగ్గుమంది. ధర్మసంస్థలను పర్యవేక్షించే కమిషన్‌కు ఫిర్యాదులు వెళ్ళాయి. ట్రస్టు చట్టం దాటలేదని 2021లో కమిషన్ తేల్చినా కోపాలు మాత్రం చల్లారలేదు.

మా రెడింగ్‌కు దగ్గరలో బాసిల్డన్ పార్క్ అనే భవంతి ఉంది. 1776లో దాన్ని కట్టించడం మొదలుపెట్టిన ఫ్రాన్సిస్ సైక్స్ బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసి, మూటలు కట్టుకుని వచ్చినవాడు. నా మాట ఇది: వెళ్ళాలి. ఆ సంగతి కూడా పెద్ద హాల్లోనే రాసి ఉండాలి, ఎక్కడో మూల గదిలో కాదు. మీరేమంటారు?

తోటపిచ్చి

వారమంతా తెర ముందు కూర్చుని, ఆదివారం పూట తోటకు వెళ్ళేది పాఠం వినడానికి కాదండీ. స్టవర్‌హెడ్ తోటకు వెళ్ళి చూడండి. హోర్ అనే బ్యాంకరు లోయకు అడ్డుకట్ట వేయించి చెరువు చేశాడు. గట్టు వెంట నడుస్తుంటే ఒక మలుపులో గుడి, ఇంకో మలుపులో గుహ, మరో మలుపులో వంతెన. నడిచేవాడి అడుగును బట్టి బొమ్మ మారేటట్టు కూర్చాడు. అక్టోబరులో ఆ నీళ్ళలో ఎర్రటి ఆకుల నీడ చూస్తూ నిలబడ్డప్పుడు నా భుజం తట్టి పద్దు పుస్తకం చూపించకండి.

బావమరిది గారి లెక్క కూడా సరిపోదు. మనం కట్టే డబ్బు సైక్సు వారసుల జేబులోకి పోదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వారసత్వ పన్నులు కట్టలేక, పనివాళ్ళు దొరక్క, ఈ ఇళ్ళను యజమానులే కూల్చుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో నేలమట్టమైన పల్లె భవంతులు వెయ్యికి పైమాటే. ఇల్లు ట్రస్టుకు రాసి ఇచ్చి అందులోనే కాపురం ఉండే వీలును 1937 చట్టం కల్పించాకే చాలా ఇళ్ళు మిగిలాయి. బాసిల్డన్ సంగతే చూడండి. పాడుబడి, లోపలి అలంకరణలు కొన్ని అమ్ముడై న్యూయార్కు హోటలు దాకా పోయాయి. 1950లలో ఇలిఫ్ దంపతులు కొని, ఇతర పాత ఇళ్ళ నుంచి తలుపులూ పొయ్యిగూళ్ళూ ఏరి తెచ్చి నిలబెట్టారు. 1978లో ట్రస్టుకు ఇచ్చేశారు. మన డబ్బు పోయేది పైకప్పుకు, వాన కాలువలకు, తోటమాలి జీతానికి.

కృష్ణాతీరం

తోటపిచ్చి గారూ, పద్దు పుస్తకం వద్దంటున్నారు కదా, ఒక్క పద్దు మాత్రం చదువుతాను.

థామస్ పిట్ 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరు. అక్కడ జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 410 కేరట్ల ముడి వజ్రాన్ని 48,000 వరహాలకు కొన్నాడు. అది కృష్ణ ఒడ్డున, మన కొల్లూరు, పరిటాల గనుల వైపు నుంచి వచ్చిన రాయి. సానబెట్టించి, కొన్నేళ్ళు కొనేవాడు దొరక్క తిప్పలుపడి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. ఇప్పుడు అది లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. వజ్రం అమ్మిన ఏడే పిట్ కార్న్‌వాల్‌లో బొకానక్ ఎస్టేటు కొన్నాడు. మన రెడింగ్ పక్కన ఉన్న స్వాలోఫీల్డ్ పార్క్ కూడా ఆయన కొన్నదే. మనవడు, మునిమనవడు ఇద్దరూ బ్రిటన్ ప్రధానులయ్యారు.

కొల్లూరులో 60,000 మంది పనిచేసేవారని పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. ఆ కూలీల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఆ గనులున్న నేల ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. అంటే ఈ కథకు మన వైపు చూపించడానికి ఒక రాయి కూడా మిగలలేదు. మిగిలినదల్లా ఇంగ్లండులోని జింకల వనాలూ మేడలే. అక్కడ కూడా చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు? ఆదివారం మీ నడక పాడైపోతుందని నేను అనుకోను. నాకైతే ఆ నేల మీద నడవాలని ఇంకా ఎక్కువ అనిపిస్తోంది.

గడీ నీడ

మాది కరీంనగర్ వైపు. మా ఊరి దొరగారి గడీ సగం కూలింది, సగం నిలిచింది. సెలవు రోజుల్లో పెళ్ళికి ముందు ఫోటోలు దిగడానికి జంటలు వస్తున్నాయి. ఆ గోడలకు మట్టి మోసింది వెట్టివాళ్ళు, పైసా కూలి లేకుండా. దాని ముందు ఆ మాట రాసిన పలక ఉందా? లేదు. అడిగినవాళ్ళున్నారా? మా తాత తరంవాళ్ళు తప్ప లేరు. సొంత ఊళ్ళో నోరు మెదపనివాళ్ళం, అయిదు వేల మైళ్ళ అవతల పలక మీద అక్షరాల సైజు గురించి కొట్లాడుతున్నాం. నాకు నవ్వు వస్తోంది.

రెడింగ్ రాజమండ్రి

నవ్వండి, కాదనను. కానీ గడీ ముందు పలక లేదు కనుక వైస్రాయి కర్జన్ వాళ్ళ ఇల్లు కెడిల్‌స్టన్‌లో కూడా వద్దంటారా? రెండు చోట్లా కావాలని అడిగితే తప్పేమిటి?

గడీ నీడ

తప్పని అనలేదు. వరుస మార్చమంటున్నాను. ముందు ఇంటి చూరు, తరువాత పొరుగూరు.

అద్దాల గది

నేను ఉద్యోగ విరమణ తరువాత ఒక భవంతిలో గది కాపలాకు వెళుతుంటాను, జీతం లేని సేవ. ఏ ఇల్లో చెప్పను. కుర్చీ మీద ఎండిన ముళ్ళకాయ పెట్టేదీ (కూర్చోవద్దని రాసే బదులు అది పెడతాం), పట్టు తెరలు వెలిసిపోకుండా కిటికీ తెరలు సగం దించేదీ మేమే. "లోపల ఇంత చీకటేమిటి?" అని రోజూ ఎవరో ఒకరు విసుక్కుంటారు.

మీరంతా పలకల గురించి మాట్లాడుతున్నారు. నిజం చెప్పాలంటే పలకలు చదివేవారు తక్కువ. మొదటి ప్రశ్న మరుగుదొడ్డి ఎక్కడ. రెండోది, ఈ మంచం మీద ఎవరైనా నిజంగా పడుకున్నారా. మూడోది, ఇంత డబ్బు వీళ్ళకు ఎలా వచ్చిందమ్మా. మూడో ప్రశ్న పిల్లలే ఎక్కువగా అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. దానికి కావలసింది గోడ మీద రాత కంటే కాపలా ఉన్న మనిషికి శిక్షణ. నివేదిక వచ్చిన కొత్తలో మాతో పనిచేసే కొందరు నొచ్చుకున్నారు, "ఇన్నాళ్ళూ మేం అబద్ధం చెప్పామన్నట్టుంది" అని. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ ఇంటిని ప్రేమించినవాళ్ళు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

వస్తువులు చూసే కన్ను కూడా కావాలండీ. దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు కొన్ని ఇళ్ళలో కనిపిస్తాయి, విశాఖపట్నం పనివాళ్ళు కంపెనీ దొరల కోసం చేసినవి. పద్దెనిమిదో శతాబ్దపు రచయిత హోరేస్ వాల్పోల్ తన స్ట్రాబెర్రీ హిల్ ఇంట్లో పెట్టుకున్న నల్లచేవ కుర్చీలను ఇంగ్లండు పాత రాజుల కాలంనాటివని నమ్మాడు. తీరా అవి పదిహేడో శతాబ్దంలో మన కోరమాండల్ తీరంలో చేసినవని తేలింది. మన వడ్రంగి పని వాళ్ళ ప్రాచీన వైభవంగా చెలామణి అయింది చూడండి! ఇది చెబితే ఎవరికీ పాఠం విన్నట్టు ఉండదు, కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

బావమరిది

నేనే ఆ బావమరిదిని. బావ నా మాట సగమే చెప్పాడు.

చూడొద్దని నేను అనలేదు. సభ్యత్వం వద్దన్నాను. సభ్యుడంటే ఆ ఇంటి గొప్పకు వంత పాడేవాడు, టికెట్టు కొన్నవాడు బయటివాడు. నాకు బయటివాడిగా ఉండటమే ఇష్టం. పైకప్పు బాగుచేయడానికి డబ్బు కావాలి, నిజమే. ఆ పైకప్పు కింద పెరిగి పోయినవాళ్ళ బొమ్మలన్నీ నూనె రంగుల్లో వేలాడుతుంటే, వాళ్ళకు పన్ను కట్టిన రైతు గురించి ఒక్క ముక్క లేని ఇంట్లో మా అక్క పిల్లలు "ఎంత బాగుందో" అని తిరగడం నాకు మింగుడుపడదు. హేర్‌వుడ్ వాళ్ళను చూడండి. చెరకు తోటల బానిసల మీద వచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లు అది. ఆ సంగతిని కుటుంబం వారే బాహాటంగా చెబుతున్నారు. జనం రావడం మానలేదు కదా!

విజయనగరం వీధి

మా రాజుల కథ కూడా ఇందులో ఉంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అని ఒక మేడ. కట్టించినవాడు థామస్ రంబోల్డ్, 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఉత్తర సర్కారుల జమాబందీ పరిశీలించడానికి ఊళ్ళు తిరగవలసిన సంఘాన్ని రద్దు చేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మన్నాడు. మన గంజాం, విశాఖ జమీందారులు బళ్ళు కట్టుకుని అంత దూరం వెళ్ళి గవర్నరు గుమ్మంలో పడిగాపులు పడ్డారు. విజయనగరంలో విజయరామరాజుకూ అన్న సీతారామరాజుకూ మధ్య తగవులో రంబోల్డ్ సీతారామరాజు కొమ్ము కాశాడు. లంచాలు తీసుకున్నాడని పార్లమెంటులో విచారణ జరిగింది. శిక్షించే బిల్లు పెట్టి, చివరికి నీరుగార్చారు. ఆ మేడ అంతా మా సర్కారుల సొమ్మే.

పాత దస్తావేజులు

ఆగండి. రంబోల్డ్ ఆ మేడ పని 1777లోనే మొదలుపెట్టించాడు. మద్రాసు గవర్నరు పదవి ఆ తరువాతే. అంతకుముందు ఆయన బెంగాల్ వైపు, పాట్నాలో కంపెనీ కొలువు చేశాడు. కనుక పునాదిలో పడింది ప్రధానంగా అటువైపు సొమ్ము. సర్కారుల సొమ్ము తరువాతి ఖర్చుల్లో ఎంత కలిసిందో "అంతా" అనే మాటతో తేల్చలేం. అన్నట్టు, ఇప్పుడు అందులో బడి నడుస్తోంది. అమ్మా నాన్నల జాబితాలో రాసుకోకండి.

నేను పలకలకు వ్యతిరేకిని కాదు. కానీ పలక మీద నలభై మాటలు పడతాయి, మనిషి నలభై మాటల్లో పట్టడు. కెడిల్‌స్టన్ కర్జన్నే తీసుకోండి. వెల్లెస్లీ కలకత్తాలో కట్టించిన గవర్నమెంటు హౌసుకు ఆ ఇల్లే నమూనా. వందేళ్ళ తరువాత కర్జన్ వైస్రాయిగా వెళ్ళి తన ఇంటి నకలులోనే కాపురం పెట్టాడు. 1905లో బెంగాలును చీల్చాడు. ఆ ముందటేడు మన పురాతన కట్టడాలను కాపాడే చట్టం తెచ్చినవాడూ ఆయనే. తిరిగి వెళ్ళాక టాటర్‌షల్ కోటను కొని, అమ్ముడుపోయిన దాని పొయ్యిగూళ్ళను వెనక్కి తెప్పించి, కోటను చివరికి ట్రస్టుకు రాసిచ్చాడు. కెడిల్‌స్టన్ కింది అంతస్తులో ఆయన తూర్పు దేశాల నుంచి పోగుచేసుకున్న వస్తువుల ప్రదర్శన ఉంది. రాజమండ్రి గారూ, ఇందులో ఏ నలభై మాటలు రాస్తారు?

రెడింగ్ రాజమండ్రి

"విభజించినవాడు, కాపాడినవాడు, పోగుచేసుకున్నవాడు" అని మొదలుపెడతాను. మిగతా మాటలు ఆ వస్తువులు ఎవరి దగ్గర, ఎలా సేకరించారో రాయడానికి. తెలియకపోతే తెలియదని రాయాలి. అది కూడా చరిత్రే.

తోటపిచ్చి

అద్దాల గది గారి మాటకు ఒప్పుకుంటాను, మనిషి చెబితే వింటాను. పలకకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అయితే ఇంకో సంగతి. మీరంతా ఇండియా డబ్బు దగ్గరే ఆగిపోయారు. డార్సెట్‌లో మిల్టన్ అబ్బాస్ అనే ఊరు ఉంది, వరుసగా ఒకే రకం తెల్ల ఇళ్ళు, గడ్డి కప్పులు, క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. లార్డ్ మిల్టన్ తన మేడ కిటికీ నుంచి పాత ఊరు కనబడటం ఇష్టంలేక ఊరినే కూల్చించి, జనాన్ని కొండ అవతలకు తరిమాడు. ఆ కొత్త ఊరే ఇది. తోటల రూపకర్త కేపబిలిటీ బ్రౌన్ దిద్దిన ఆ పచ్చిక కింద పాత ఊరి వీధులున్నాయి. చాట్స్‌వర్త్ భవంతి పక్కన ఎడెన్సర్ అనే ఊరికీ 1830లలో దాదాపు ఇదే గతి. పలకలే పెట్టేటట్టయితే ఇంగ్లీషు పాలేరు కథ కూడా పెట్టండి. అప్పుడు "మీరూ మేమూ" అనే గోల తగ్గుతుంది.

కృష్ణాతీరం

అది మంచి మాట. పెట్టమనే అంటున్నాం. మీరు మాతోనే ఉన్నారు, మీకు తెలియడం లేదంతే.

తోటపిచ్చి

లేనండీ. చెరువు గట్టు మీద ఒక్క పలక పాతినా నేను విరోధినే.

అద్దాల గది

రాజమండ్రి గారూ, ఒక అసలు సంగతి. నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చాలా ఇళ్ళలో లిఫ్టు ఉండదు, రాతి మెట్లు ఎక్కాలి. బయలుదేరే ముందు ఫోను చేసి అడగండి. తోడుగా ఉండేవారికి ప్రవేశం ఉచితంగా ఇచ్చే కార్డు కూడా ఉంటుంది, ఆయనకు అవసరమైతే దాని సంగతీ కనుక్కోండి. టీ దగ్గర స్కోను మీద ముందు జామ్ రాయాలా, మీగడ రాయాలా అని మాత్రం ఎవరినీ అడగకండి. డెవన్‌కూ కార్న్‌వాల్‌కూ అది మన చర్చ కంటే పెద్ద తగవు.

బావమరిది

బావా, సెప్టెంబరులో దేశమంతటా పాత కట్టడాలను కొన్ని రోజులు ఉచితంగా తెరుస్తారు. అప్పుడయితే నేనూ వస్తాను, కారు కూడా నేనే నడుపుతాను.

రెడింగ్ రాజమండ్రి

అమ్మా నాన్నల తిరుగు ప్రయాణం ఆగస్టు ఆఖరున బావా. టికెట్లు నీ ముందే కొన్నాం కదా!