టేక్ అనే క్రియకు ప్రతిచోటా ‘తీసుకో’ పెట్టవచ్చా?

ప్రశ్న:
ఒక ఆరోగ్య కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయాలి. ఒక్క పేజీలోనే టేక్ అనే క్రియ ఏడుచోట్ల వచ్చింది: మాత్ర, జ్వరం, రక్తం, ఎక్స్‌రే, విశ్రాంతి, ఆస్పత్రికి బస్సు, చివర ‘తగ్గడానికి రెండు వారాలు’. అన్నిటికీ ‘తీసుకోండి’ అని పెడితే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంది. ఏది ఎక్కడ నప్పుతుందో తేల్చుకోవడానికి సూత్రం ఏమైనా ఉందా?

జవాబు 1:
ఒక పరీక్ష ఉంది, చాలావరకు పనిచేస్తుంది. అవతల ఇచ్చేవాడు ఉన్నాడా అని చూడండి. ఉంటే ‘తీసుకొను’ నిలుస్తుంది: జీతం, అప్పు, సలహా, అనుమతి, లంచం, ప్రసాదం. అన్నిటికీ ఇచ్చే చెయ్యి ఒకటి ఉంది. ఇచ్చేవాడు లేనప్పుడు తెలుగు వేరే క్రియను వెతుక్కుంటుంది.

టీ సంగతి చూడండి. ఇంటికొచ్చిన మనిషిని ‘టీ తీసుకుంటారా?’ అని అడుగుతాం, ఇచ్చేది మనమే కాబట్టి. అదే ‘రోజూ పొద్దున్నే టీ తీసుకుంటాను’ అంటే బిగదీసుకున్నట్టు ఉంటుంది, అక్కడ ‘తాగుతాను’ అనాల్సిందే. సెలవు కూడా అంతే. పెద్దల దగ్గర సెలవు తీసుకుంటాం, వాళ్లు ఇస్తారు. ఒంట్లో బాగోక ఆఫీసుకు వెళ్లకపోతే మాత్రం సెలవు పెడతాం. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట.

బస్సు దగ్గర మరీ జాగ్రత్త. ‘తీసుకొను’కు తెలుగులో కొనడం అనే అర్థం గట్టిగా ఉంది: ‘మొన్న చీర తీసుకున్నా’, ‘వాళ్లు కొత్త కారు తీసుకున్నారు’. అందుకని ‘ఆస్పత్రికి బస్సు తీసుకోండి’ అని రాస్తే రోగికి బస్సు అమ్మినట్టవుతుంది. ఎక్కండి, దిగండి, మారండి, ఈ మూడింటితో సరిపోతుంది.

జవాబు 2:
ఆ సూత్రం బాగుంది గానీ నిర్ణయం, చర్య, విశ్రాంతి, రిస్క్ దానికి లొంగవు. నిర్ణయాన్ని ఎవరిచ్చారు? అయినా ‘నిర్ణయం తీసుకున్నారు’ అని పత్రికల్లో రోజూ చూస్తున్నాం. నిర్ణయించారు, నిశ్చయించారు అంటే ఒక్క మాటలో పోతుంది. ఇంగ్లీషు పోలికలో ఉన్న ఈ పలుకుబళ్లు జనం నోట కుదురుకున్నాయి, ఇప్పుడు వాటితో పేచీ అనవసరం. కొత్తవి పుట్టించకపోతే చాలు. ‘స్నానం తీసుకోండి’, ‘సీటు తీసుకోండి’ లాంటివి ఇంకా కుదురుకోలేదు, కుదురుకోకుంటేనే మేలు.

సీటు గురించి చిన్న మాట. ఆ సీటు ‘టేకెన్’ అని బస్సులో చెప్పాలంటే తెలుగువాడు ‘కర్చీఫ్ వేశామండీ’ అంటాడు. ఏ నిఘంటువులోనూ దొరకని అనువాదం ఇది, కానీ నూటికి నూరుపాళ్లు సరైనది.

జవాబు 3:
మందుల విషయంలో భాషకన్నా భద్రత ముఖ్యం. ఇంగ్లీషు టేక్ మందు ఒంట్లోకి ఎలా వెళ్లాలో చెప్పదు. తెలుగు క్రియ చెబుతుంది, చెప్పాలి కూడా. మాత్ర వేసుకోవాలి, లేదా మింగాలి. నమిలే మాత్రయితే నమలాలి. సిరప్ తాగాలి. కంట్లో, చెవిలో చుక్కలు వేసుకోవాలి. ఇన్‌హేలర్ పీల్చాలి. ఆయింట్‌మెంట్ రాసుకోవాలి. ఇంజెక్షన్ చేయించుకోవాలి, టీకా వేయించుకోవాలి. ‘ఒకటి తీసుకోండి’ అని వదిలేస్తే, నీళ్లలో కరిగించి తాగాల్సిన మాత్రను ఉన్నదున్నట్టు మింగేవాళ్లు ఉంటారు.

‘మందులు తీసుకునే ముందు’ అని శీర్షిక పెట్టడంలో తప్పులేదు. అక్కడ రకరకాల మందులను కలిపి చెబుతున్నాం. శీర్షిక కింద ఒక్కో మందుకు మాత్రం దాని క్రియ దానికి ఇవ్వండి. పక్కనే ‘పరగడుపున’, ‘అన్నం తిన్నాక’ అని ఉండాలి. ‘ఆహారంతో తీసుకోండి’ అని ఇంగ్లీషును మక్కికి మక్కి దించితే, మాత్రను అన్నంలో కలుపుకోమన్నారేమో అనే అనుమానం వస్తుంది.

జ్వరం, బీపీ, నాడి చూస్తారు. ‘ఉష్ణోగ్రత తీసుకుంటారు’ అని రాయకండి.

జవాబు 4:
చివరి వాక్యం, ‘రెండు వారాలు’ గురించి. దానికి ‘పట్టు’ అనే క్రియ కావాలి. చాలామంది ఇక్కడే జారతారు. ‘రెండు వారాలు పడుతుంది’ అంటాం కదా, చూడ్డానికి అది కింద పడడం అనే ‘పడు’లా కనిపిస్తుంది. కాదు. పట్టు అనే ధాతువు వర్తమాన, భవిష్యత్ రూపాల్లో పడుతుంది, పడతాడు అని మారుతుంది. చేపలు పట్టేవాణ్ని ‘చేపలు పడుతున్నాడు’ అంటాం, అలాగే. తేడా భూతకాలంలో బయటపడుతుంది: వాన పడింది, కానీ టైం పట్టింది. కాబట్టి ‘తగ్గడానికి రెండు వారాలు పడింది’ అని రాస్తే తప్పు, ‘పట్టింది’ అనాలి.

ఇంకో మెలిక. ఇంగ్లీషులో ఆ వాక్యానికి కర్త స్థానంలో ఉత్తుత్తి ‘ఇట్’ ఒకటి కూర్చుంటుంది. తెలుగులో దానికి చోటు లేదు. మనిషిని చెప్పాలంటే ‘కు’ చేర్చాలి: నాకు గంట పట్టింది, పిల్లలకు ఇంకా ఎక్కువ పడుతుంది. ‘ఇది నాకు గంట తీసుకుంది’ అనే వాక్యం యంత్రానువాదాల్లో కనిపిస్తుంటుంది. దాన్ని చూడగానే కొట్టేయండి.

టేక్‌కు మొదటి జోడీ ‘తీసుకొను’ అని బడిలో నేర్పుతారు గానీ, అర్థాల విస్తృతిలో దానికి దీటైనది ‘పట్టు’. ఈ డబ్బాలో ఐదు కిలోలు పడతాయి. బట్టకు రంగు పట్టలేదు. ఇనుముకు తుప్పు పట్టింది. క్యాచ్ పట్టాడు. వీటన్నిటికీ ఇంగ్లీషులో టేక్‌తో ఏదో ఒక వాక్యం చెప్పవచ్చు, తెలుగులో ఒక్కదానికీ ‘తీసుకొను’ పనికిరాదు.

జవాబు 5:
‘పట్టు’ ప్రస్తావన వచ్చింది కాబట్టి చరిత్ర కొంచెం. టేక్ అసలు ఇంగ్లీషు మాట కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ల భాషలోని ‘తాకా’ నుంచి, పాత ఇంగ్లీషు చివరి దశలో వచ్చి చేరింది. అంతకుముందు ఆ పనికి ‘నిమాన్’ అనే క్రియ ఉండేది. జర్మన్‌లో ఇప్పటికీ వాడే ‘నేమెన్’ దాని చుట్టమే. టేక్ వచ్చాక నిమాన్ మెల్లగా కనుమరుగైంది, కానీ పూర్తిగా పోలేదు. ‘నంబ్’ అనే మాట ఉంది కదా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, అది ఆ క్రియ రూపమే. పట్టేయబడినది అని దాని మూలార్థం. మనం ‘మెడ పట్టేసింది’, ‘కాలు పట్టేసింది’ అంటాం చూడండి, రెండు భాషలకూ ఏ సంబంధమూ లేకుండానే ఊహ ఒకేచోట కలిసింది. మన ‘తాకు’కూ ఆ ‘తాకా’కూ చుట్టరికం కలపబోయేవాళ్లు ఉంటారు. ధ్వని పోలిక తప్ప అందులో ఏమీ లేదు.

మధ్యలో ప్రశ్న:
ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న క్రియ టేక్ అనుకోవచ్చా?

జవాబు 5 రాసినవారు:
కాదండీ. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ క్రియది పైచేయి, 430 అర్థాలు. తర్వాత జరిగిన సవరణలో ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటింది. టేక్ కూడా పెద్ద క్రియల్లో ఒకటి, అంతే. అంకెలకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. ఆ నిఘంటువు అర్థాలను చారిత్రక క్రమంలో ఇస్తుంది. మొదటి అర్థం పాతదే గానీ, ఇవాళ ఎక్కువ వాడుకలో ఉన్నదని కాదు. అనువాదానికి కూర్చునేటప్పుడు వాడుక క్రమంలో ఇచ్చే, విద్యార్థుల కోసం తయారైన నిఘంటువు దగ్గర పెట్టుకోండి. క్రియ అర్థంతో మొదలుపెట్టకుండా పక్కనున్న నామవాచకం కింద చూడండి. మాత్ర, పరీక్ష, ప్రమాణం, పగ, ఏది పక్కనుంటే దాని తెలుగు క్రియ దానికుంది: మాత్ర వేసుకుంటాం, పరీక్ష రాస్తాం, ప్రమాణం చేస్తాం, పగ తీర్చుకుంటాం.

జవాబు 6:
పరీక్ష, క్లాసు దగ్గర ఇంగ్లీషులోనే గొడవ ఉంది. అమెరికాలో విద్యార్థి క్లాసు ‘టేక్’ చేస్తాడు, అంటే చేరి చదువుతాడు. మన దగ్గర టీచరు క్లాసు తీసుకుంటుంది, అంటే పాఠం చెబుతుంది. అమెరికాలో చదివే పిల్లల ఉత్తరాలు, దరఖాస్తులు తెలుగు చేసేవాళ్లు కర్త ఎవరో చూసుకోకపోతే, విద్యార్థి కాస్తా మాస్టారైపోతాడు.

ఫోటో ఇంకా రుచిగా ఉంటుంది. ‘హీరోతో ఫోటో టేక్ చేశాడు’ అనే ఇంగ్లీషు వాక్యంలో కెమెరా ఎవరి చేతిలో ఉందో తెలియదు. తెలుగులో తేల్చాలి. కెమెరా నొక్కినవాడు ఫోటో తీశాడు. పక్కన నిలబడ్డవాడు ఫోటో దిగాడు. డబ్బిచ్చి స్టూడియోలో కూర్చున్నవాడు ఫోటో తీయించుకున్నాడు. సెల్ఫీలో ఇద్దరూ ఒకరే, అయినా ‘సెల్ఫీ దిగాం’ అనే అంటున్నారు, కెమెరా పనికన్నా నిలబడ్డమే ముఖ్యమన్నట్టు. ఎక్స్‌రేకు కూడా ఇదే వరస: టెక్నీషియన్ తీస్తాడు, రోగి తీయించుకుంటాడు. కరపత్రం రోగికి కాబట్టి ‘తీయించుకోండి’.

ఒంటిమీది వస్తువులు తీసేయడం, టేక్ ఆఫ్, కూడా ఇలాగే చీలుతుంది. చొక్కా విప్పుతాం, కళ్లద్దాలు తీస్తాం, చెప్పులు విడుస్తాం. గుడి గోడమీద ‘చెప్పులు ఇచ్చట విడువరాదు’ అని ఉండే బోర్డు గుర్తుందిగా. ఎక్స్‌రే గది సూచనల్లో ‘నగలు, వాచీ తీసి పక్కన పెట్టండి’ అని ఉండాలి. అక్కడ ‘విప్పండి’ అని రాస్తే బట్టలమీదికి వెళ్తుంది ధ్యాస.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇలా మార్చాను: మాత్ర వేసుకోండి. జ్వరం చూసి రాసుకోండి. రక్తం తీసుకుంటారు. ఎక్స్‌రే తీయించుకోండి. విశ్రాంతి తీసుకోండి. బస్సు ఎక్కండి. తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. సరేనా?

జవాబు 3 రాసినవారు:
మూడోది మార్చండి. ‘రక్తం తీసుకుంటారు’ అంటే రక్తదానం అనుకుని భయపడేవాళ్లుంటారు, ‘నా దగ్గరే లేదు, నేనేం ఇస్తాను’ అని వెనక్కి తిరిగిపోతారు. ‘పరీక్ష కోసం కొంచెం రక్తం తీస్తారు’ అని రాయండి. ఎన్ని మిల్లీలీటర్లో ఇంగ్లీషు కరపత్రంలో ఉంటే అది కూడా వేయండి, ‘ఒక చెంచా అంత’ అని పక్కన చెబితే ఇంకా తేలిక. ఒక చెంచాకు అటూఇటూ ఐదు మిల్లీలీటర్లు పడుతుంది.