ఎనక డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కు బ్రేకులు ఏయిస్తే మంచిదేనా? (2013 చిన్న బండి, మహబూబ్‌నగర్)

పాలమూరు పెట్రోల్:
అందరికి నమస్తే. నాది 2013 మోడల్ హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ముంగట డిస్కులు, ఎనక డ్రమ్ములు. ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకపోకుండ చూసేది) లేదు.

పోయిన కార్తీకంల శ్రీశైలం పోయినం. నేను, మా ఇంటామె, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. దోమలపెంట దాటినంక డ్యామ్ దిక్కు దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగైంది. తొక్కుతే లోపలికి పోతనే ఉంది. రెండు మూడు సార్లు కొట్టినంక పట్టింది. అప్పటికి ముంగటి బస్సుకు, మాకు జానెడు సందు. అమ్మ "మల్లన్నా" అని ఒర్రిన ఒర్రుడు ఇంకా చెవులల్లనే ఉంది. గప్పటిసంది మా ఇంటామె ఆ బండి ఎక్కుతలేదు. జడ్చర్ల పోవాలన్నా బస్సే.

హైదరాబాద్‌ల ఒకాయన వేరే బండివి పాత కాలిపర్లు (డిస్కును నొక్కిపట్టేవి), డిస్కులు తెచ్చి ఎనక ఎక్కిస్త అంటుండు. 35 వేలు అడిగిండు. ఏయించుమంటరా?

స్పానర్ 14 (మిర్యాలగూడ):
వద్దు తమ్మీ.

పెడల్ మెత్తగైందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పట్టిందన్నట్టు. ఆయిల్ నొక్కుతే నొక్కుకపోదు, ఆవిరి నొక్కుకపోతది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగ ఉన్నప్పుడు 205 డిగ్రీల దాంక తట్టుకోవాలె. గాలిలున్న తేమ గుంజుకున్నంక 140కే మరగొచ్చు. నువ్వు ఆయిల్ ఎప్పుడు మార్పించినవ్? ఏనాడు మార్పియ్యలేదని నా పందెం.

ఇంకోటి. దిగుట్ల బరువంత ముంగటికి ఒరుగుతది. ఎక్కువ పని చేసేది, ఎక్కువ కాలేది ముంగటి బ్రేకే. మరిగింది ముంగటైతే ఎనక మందేస్తనంటవేంది? మోకాలు నొస్తే మోచేతికి పట్టీ కట్టినట్టుంది.

జడ్చర్ల జంక్షన్:
కొన్ని కొత్త బండ్లకు నాలుగు దిక్కుల డిస్కులే ఇస్తున్నరు గద అన్నా. కంపెనీలోళ్లు పిచ్చోళ్లా?

బీటెక్ బుల్లోడు:
స్పానర్ గారు "ఎక్కువ పని" అన్నారు గానీ అంకె చెప్పలేదు. ముందు 70, వెనక 30 శాతం.

స్పానర్ 14 (మిర్యాలగూడ):
@జడ్చర్ల: ఆ బండ్లకు ఏబీఎస్ ఉంటది, ఎనక ఎంత ప్రెషర్ పోవాలో కంప్యూటర్ చూసుకుంటది. ఈయన బండికి ఎనక ప్రెషర్ చూసుకోనీకి ఉన్నది ఒక్క వాల్వు. ఎనక డ్రమ్ములున్నయని లెక్కేసి పెట్టిన వాల్వు అది. దాన్ని ముట్టకుండ డిస్కు తగిలిస్తే ఎనకకు ఎంత పట్టు పోతదో ఎవడు చెప్తడు? ముంగటి చక్రాలు ముందు పట్టేస్తే బండి సక్కగ జారుతది. ఎనకవి ముందు పట్టేస్తే తోక తిరుగుతది. అటెన్క స్టీరింగ్ నీ మాట వినది.

@బుల్లోడు: 70 గాదు. గట్టిగ కొడితే చిన్న బండికి 80 దాంక ముంగటనే.

బీటెక్ బుల్లోడు:
80 అనేది ఏ వేగంలో, ఏ రోడ్డు మీద? అది చెప్పకుండా అంకె వేస్తే ఎలా?

సూర్యాపేట అక్క:
పాలమూరు తమ్మీ, ఆ రోజు ఏ గేర్ల దిగినవ్?

ఆర్సీ పంతులు:
అసలు విషయం అందరూ వదిలేస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే బీమా వాళ్లు ముందు చూసేది ఇదే.

జడ్చర్ల జంక్షన్:
పంతులు గారు, ఆర్సీ కార్డు ముంగట పెట్టుకొని చూసిన. ఇంజిన్ నంబరుంది, చాసిస్ నంబరుంది, సీట్లున్నయి. బ్రేకు అనే గడే లేదు. మరి తేడా యాడ ఒస్తది?

ఆర్సీ పంతులు:
గడి లేదని చెప్పి చెక్క బ్రేకులు వేయిస్తారా?

పాలమూరు పెట్రోల్:
స్పానర్ అన్నా, మోకాలు మోచెయ్యి అని నవ్వుడు సులువే. ఆ బండిల మా అమ్మ ఉండె. డిస్కు గాలికి జల్ది సల్లబడ్తది, డ్రమ్ము వేడి లోపల్నే పట్టుకుంటది. ఇది అబద్ధమా? వాగులకెళ్లి పోతే డ్రమ్ముల నీళ్లు నిల్సి కొద్ది దూరం పట్టనే పట్టదు. ఇది అబద్ధమా? డ్రమ్ము లోపల రాసుకునే లైనర్ అరిగిందో లేదో చూడాలంటే చక్రం ఇప్పి డ్రమ్ము పీకాలె. మా తాన ఒక షాపాయన ఇప్పకుండనే "సాఫ్ చేసిన" అని 600 తీస్కుండు. డిస్కుకైతే బయటికెళ్లే కనవడ్తది, ఎవడు మోసం చెయ్యలేడు.

స్పానర్ 14 (మిర్యాలగూడ):
నువ్వు చెప్పినవన్ని నిజమే. డిస్కు చెడ్డదని నేనెక్కడన్న? ఆ బండికి, ఆ పాత పార్టులతోని, వాల్వు ముట్టని చేతులతోని వద్దంటున్న. హ్యాండ్‌బ్రేకు ఎట్ల కలుపుతడో అడిగినవా ఆయన్ని? డ్రమ్మును లోపల్నుంచి ఒత్తిపట్టే షూలే హ్యాండ్‌బ్రేకు. డిస్కుకు దాని కోసమే చేసిన కాలిపర్ ఉండాలె, కేబుల్ పొడుగు కలవాలె. లేకుంటే గుట్ట మీద బండి ఆపి చక్రం కింద రాయి పెట్టుకోవాలె.

మూసీ ఒడ్డు:
మా మామ డీజిల్ బండికి 15 ఏండ్లు రాయే 😄

సూర్యాపేట అక్క:
తమ్మీ, గేరు అడిగిన. జవాబు రాలే.

పాలమూరు పెట్రోల్:
అక్కా, గేరుకు దీనికి ఏం సంబంధం. బ్రేకు ఫెయిలైందంటున్న.

సూర్యాపేట అక్క:
అంతా సంబంధమే. నేను డ్రమ్ముల బండితోనే ఏడాదికి నాలుగు సార్లు శ్రీశైలం పోతా. రెండో గేర్ల పెట్టి, మలుపు ముంగట ఒక్కసారి తొక్కి ఇడిచిపెడ్త. కాలు బ్రేకు మీద ఆన్చి కూసోను.

పాలమూరు పెట్రోల్:
అంటే నాకు డ్రైవింగ్ రాదంటరు. గది సక్కగ చెప్పున్రి. ఇంట్ల అదే మాట, ఈడ అదే మాట. న్యూట్రల్‌ల వదిలిన, సరేనా? దిగుట్ల ఎవరన్నా పెట్రోలు కాలుస్తరా? మా నాయిన లారీ తోలినప్పటిసంది అదే సూస్తున్న.

స్పానర్ 14 (మిర్యాలగూడ):
వచ్చింది అసలు ముచ్చట. ఐదుగురి బరువు, సామాను, అంత దిగుడు మొత్తం నాలుగు చక్రాల బ్రేకుల మీద ఏసినవ్. ఇంజిన్‌ను సెలవుల పంపినవ్. ఇంజెక్షన్ బండి (పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ చూసుకునేది) గేర్ల ఉండంగ కాలు తీస్తే పెట్రోలు పోసుడే ఆపుతది. న్యూట్రల్‌లనే ఇంజిన్ నడవనీకి పోస్తది. పెట్రోలు మిగిలింది లేదు, బ్రేకు కాలింది ఉంది.

పాలమూరు పెట్రోల్:
నీకు అన్నీ ఎరుకే. మరి డిస్కు అనంగనే గంతగనం ఎందుకు లేస్తున్నవ్? ఎన్ని బండ్లకు ఏసి చూసినవ్?

స్పానర్ 14 (మిర్యాలగూడ):
ఒక్కదానికి.

నా షెడ్డులనే. పెద్ద పండుగ ముంగట, తొందర మీదున్న గిరాకి. వాల్వు సంగతి నాకు ఎరుకే, "తర్వాత చూద్దాం తీ" అనుకున్న. నకిరేకల్ దాటినంక హైవే మీద వాన. ఆయన బ్రేకు కొట్టిండు, బండి గుండ్రంగ తిరిగి డివైడర్ ఎక్కింది. ప్రాణాలు దక్కినయి, ఆయన భార్య చెయ్యి విరిగింది. బీమాకు పోతే మార్చిన బ్రేకులని కొర్రీ పెట్టిన్రు. పైసలు నేనే కట్టిన. షెడ్డు అప్పుడే మూసిన.

ఆర్సీ పంతులు:
నేను చెప్పింది ఇదే.

మూసీ ఒడ్డు:
పంతులు గారు జర ఆగున్రి.

పాలమూరు పెట్రోల్:
అన్నా, బాధైంది చదివితే. కని ఒక మాట అంట, కోపం చెయ్యకు. అది నీ చేతి తప్పు, డిస్కు తప్పు గాదు.

స్పానర్ 14 (మిర్యాలగూడ):
అవు. నీది నీ కాలి తప్పు. డ్రమ్ము తప్పు గాదు.

జడ్చర్ల జంక్షన్:
😶

సూర్యాపేట అక్క:
ఇద్దరు నీళ్లు తాగున్రి. తమ్మీ, ముందు ఆయిల్ మార్పియ్యి, డాట్ 4 పోయొచ్చో లేదో నీ బండి పుస్తకంల చూస్కొని. ముంగటి డిస్కులను నొక్కే ప్యాడ్లు చూపియ్యి. ఎనక డ్రమ్ములు నువ్వు దగ్గరుండి ఇప్పియ్యి.

పాలమూరు పెట్రోల్:
ఆదివారం ఇప్పించిన, పక్కన స్టూలేసుకొని కూసున్న. ఎనక ఎడమ దిక్కు వీల్ సిలిండర్ (షూలను తోసేది) లీకు, షూ మొత్తం ఆయిల్‌ల నానింది. సీసల ఆయిల్ టీ డికాషన్ లెక్కుంది. సిలిండర్లు, షూలు, ఆయిల్, ముంగటి ప్యాడ్లు, కూలి అన్ని కలిపి 6,400 అయింది. పెడల్ ఇప్పుడు రాయి లెక్కుంది. 35 వేలాయనకు ఇంకా వద్దని చెప్పలే, ఫోన్ ఎత్తుతలేను అంతే.

మా ఇంటామె మాత్రం "డిస్కులు ఏయించినవా?" అని అడిగింది. లేదన్న. బస్టాండుకు పోయింది.

స్పానర్ 14 (మిర్యాలగూడ):
ఆమెను ఎక్కించుకోకముందు ఒక్కనివే మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఆ దిగుడు దాంక పోయి రా. దిగుట్ల రెండో గేర్ల. తొమ్మిదిలోపే దాటాలె, రాత్రి చెక్‌పోస్టు మూస్తరు.

బీటెక్ బుల్లోడు:
80 శాతం సంగతి ఇంకా తేలలేదు.