చర్చిలో ఉదయం పూజకు బైబిలు పఠనాలు చదివేవాళ్లు రావట్లేదు, ఏం చేయాలి?

మా విచారణలో (మా కతోలిక చర్చి పరిధిలో) ఆదివారం ఉదయం 7 గంటల పూజకు పఠనాలు చదివేవాళ్లను చూసుకునే బాధ్యత నాది. మొదటి పఠనం, కీర్తన, రెండో పఠనం, విశ్వాసుల ప్రార్థనలు, మొత్తం నలుగురు కావాలి. జాబితాలో 14 మంది ఉన్నారు. అయినా గత ఆరు వారాల్లో నాలుగుసార్లు ఎవరో ఒకరు రాలేదు. మొన్న అందరూ కూర్చున్నాక పఠన పీఠం దగ్గరకు ఎవరూ వెళ్లలేదు. చివరికి ఉపదేశిగారు (చర్చిలో మతబోధ చేసేవారు) జేబులో కళ్లజోడు వెతుక్కుంటూ లేచి వెళ్లి చదివారు. దేవుని వాక్యం అలా హడావిడిగా వినాల్సి రావడం చాలా బాధనిపించింది.

జాబితా నోటీసు బోర్డులో పెట్టాను, వాట్సాప్‌లో పంపాను. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే "తప్పకుండా వస్తామండి" అంటారు, పొద్దున రారు. ఆదివారం పఠనాలు మూడేళ్ల వరుసలో ముందే ఖరారై ఉంటాయి కదా, అందుకని నెల ముందే ఎవరి కాగితం వాళ్లకిచ్చాను. చదివే తీరు బాగుపడింది గానీ రావడం మెరుగుపడలేదు. 8:30 పూజకు ఈ ఇబ్బందే లేదు. పేర్లు తీసేయడం నాకిష్టం లేదు, అందరూ మనసుపడి ముందుకొచ్చినవాళ్లే.

మనిషికి కాకుండా ఒక్కో కుటుంబానికి ఒక్కో ఆదివారం అప్పగించే పద్ధతి మీ విచారణలో పెట్టి ఉంటే, పొద్దుటి పూజకు అది నిలబడిందా?